పాత ప్లేస్టేషన్, గేమ్ డిస్కులు కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇలా చూసుకోండి

"అన్నా, సెకండ్ హ్యాండ్ పీఎస్4 ఒకటి దొరుకుతాంది, ఇరవై గేములు వేసిస్తామంటాండారు, తీసుకుందునా?" ఎండాకాలం సెలవులొచ్చినా, కాలేజీలు తెరిచినా నాకు వచ్చే ప్రశ్న ఇదే. పీఎస్ అంటే ప్లేస్టేషన్, టీవీకి కలిపి ఆడుకునే సోనీ గేమ్ పెట్టె. ఇలాంటి పెట్టెనే కన్సోల్ అంటారు. మా అనంతపురం పిల్లలు అడుగుతారు, కడప నుంచి అడుగుతారు, కర్నూలు నుంచీ ఫోన్లు వస్తాయి. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

నేను దీన్ని ఇంత పట్టుబట్టి రాయడానికి కారణం మా అక్క కొడుకు. వాడు డిగ్రీ చదువుతూ సాయంత్రాలు ఒక మెడికల్ షాపులో పనిచేసి, కూడబెట్టిన 16,500 రూపాయలు పెట్టి ఒక షాపులో పీఎస్4 కొన్నాడు. లోపల పద్దెనిమిది గేములు వేసిచ్చారు. ఐదు వారాలు బాగానే ఆడుకున్నాడు. ఒక ఆదివారం ఇంట్లో వైఫై కలిపాడు. మరుసటి రోజుకు ప్రతి గేము బొమ్మ పక్కన చిన్న తాళం గుర్తు వచ్చి కూర్చుంది. ఒక్కటీ తెరుచుకోలేదు. షాపుకు పోతే, "నెట్ పెట్టొద్దని ముందే చెప్పినా కదప్పా" అన్నారు. బిల్లు తియ్యమంటే వాడి జేబులో ఉన్నది చేతిలో పట్టేంత తెల్లకాగితం. దాని మీద "గేమ్ – 16,500" అని మాత్రమే ఉంది. షాపు పేరు లేదు, తేదీ లేదు. ఆ కాగితం చూసి నేనేమీ మాట్లాడలేకపోయాను.

నిజాయితీగా అమ్మేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లెవరో, కానివాళ్లెవరో కింది పరీక్షలకు ఒప్పుకునే తీరులోనే తెలిసిపోతుంది.

వెంట తీసుకుపోవాల్సినవి

- కనీసం గంటన్నర టైం. "బస్సుకు టైమయింది" అనే హడావిడిలో వెళ్లొద్దు.
- హాట్‌స్పాట్ ఇవ్వగలిగే ఫోను, దాంట్లో రెండు మూడు జీబీల డేటా.
- మీ సొంత ప్లేస్టేషన్ అకౌంటు. లేకపోతే ముందురోజే ఇంట్లో ఉచితంగా చేసుకోండి, పాస్‌వర్డ్ రాసుకోండి.
- బాగా పనిచేస్తుందని తెలిసిన ఒక ఒరిజినల్ డిస్కు. స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్నా సరే.
- ఫోన్ టార్చి, మెత్తని గుడ్డ, చెవుల్లో పెట్టుకునే వైరు ఇయర్‌ఫోన్లు.
- 18 ఏళ్లు నిండనివాళ్లయితే అమ్మనో నాన్ననో అన్ననో వెంట తీసుకుపోండి. మైనరు చేసుకున్న ఒప్పందం మన చట్టం ముందు నిలబడదు. దాన్ని అడ్డం పెట్టుకుని తర్వాత మాట మార్చేవాళ్లుంటారు.

1. బయల్దేరక ముందే రేటు తెలుసుకోండి

కొత్తది ఆన్‌లైన్‌లో ఎంతుందో ఆరోజు చూసుకోండి. తర్వాత పాతదాని రేటు కనీసం రెండు చోట్ల ఫోనులో అడగండి. అనంతపురంవాళ్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డు, కర్నూలువాళ్లకు సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్ల రేట్లు మంచి కొలబద్ద. మన ఊరి షాపు ఆ రేటు మీద రానుపోను చార్జీలంత ఎక్కువ అడిగితే న్యాయమే. ఐదారు వేలు ఎక్కువ చెప్తే "బెంగళూరు సరుకు" అన్న మాటకు కడుతున్నారన్నమాట.

"ఇద్దరు అడిగిపోయారు, వెయ్యి రూపాయలు టోకెన్ ఇచ్చి పో" అంటే ఇవ్వొద్దు. టోకెన్ ఇచ్చాక ఏ లోపం కనపడినా ఆ వెయ్యి కోసం మీరే సర్దుకుంటారు.

ఇంకొకటి ఇక్కడే తేల్చుకోండి. పీఎస్5లో డిజిటల్ ఎడిషన్‌కు, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌కు డిస్క్ డ్రైవ్ ఉండదు. చవకగా వచ్చిందని తీసుకుంటే పాత డిస్కులు కొని ఆడుకునే దారి ఉండదు, సన్నని పీఎస్5 డిజిటల్‌కు డ్రైవ్ విడిగా కొని తగిలించుకుంటే తప్ప. పీఎస్4 డిస్కు డ్రైవ్ ఉన్న పీఎస్5లో ఆడుతుంది. పీఎస్5 డిస్కు పీఎస్4లో ఆడదు. తెలియక రెండూ కొనుక్కుని తిరిగొచ్చినవాళ్లను చూశాను.

2. కరెంటు పెట్టకముందు బయట చూడండి

వెనక స్టిక్కరు మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఉంటాయి. ఫోటో తీయండి. అట్టపెట్టె ఉంటే దాని మీది సీరియల్‌తో పోల్చండి. స్టిక్కరు గీకేసి ఉంటే, లేదా అంచులు లేచి మళ్లీ అతికించినట్టు ఉంటే అక్కడితో ఆపేయండి. దొంగసొత్తని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండీ కొంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద కొన్నవాళ్ల మీద కూడా కేసు పెట్టవచ్చు.

స్క్రూల మీది సీలు చినిగి ఉందంటే ఎవరో లోపల విప్పారని అర్థం. అదొక్కటే తప్పు కాదు. మన దగ్గర దుమ్ముకు, ఎండకు రెండేళ్లకోసారైనా విప్పి తుడవకపోతే ఫ్యాను ఊపిరాడక అరుస్తుంది. అడగాల్సింది "ఎందుకు విప్పారు?" అని. "క్లీన్ చేసి పేస్ట్ మార్చినాం" అని తడుముకోకుండా చెప్తే మంచిదే (లోపలి చిప్పు వేడి లాగడానికి పూసేదే ఆ పేస్ట్). సీలు చినిగిన పెట్టె చేతిలో పెట్టి "అసలు విప్పనే లేదు" అంటే మిగతా మాటలూ అంతే.

టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ వైరు పెట్టాక కొద్దిగా కదపండి. బొమ్మ పోయి వస్తుంటే ఆ పోర్టు వదులైంది. దాని రిపేరు చిన్న పని కాదు.

3. సాఫ్ట్‌వేర్ వెర్షన్ చూడండి

పీఎస్4 అయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరవండి. వెర్షన్ నంబరు కనిపిస్తుంది. 9.00 లాంటి పాత వెర్షన్ మీదే ఆపేసి ఉంటే, పైగా "అప్‌డేట్ చేయొద్దు, నెట్ పెట్టొద్దు" అని చెప్తుంటే అది జైల్‌బ్రేక్ చేసింది, అంటే దొంగ గేములు నడిచేలా కంపెనీ పెట్టిన తాళం తీసేసింది. లోపలి గేములు దొంగ కాపీలు. అప్‌డేట్ చేసిన రోజు అవన్నీ పనిచేయడం మానేస్తాయి. అలాంటిదాన్ని సోనీ తన నెట్‌వర్క్ నుంచి బహిష్కరించి ఉండవచ్చు కూడా. అప్పుడు మీ అకౌంటులో తప్పు లేకపోయినా ఆ కన్సోల్ మీద ఆన్‌లైన్ ఆట ఉండదు.

మెమరీ కూడా ఇక్కడే చూడండి. స్టోరేజ్ తెరిస్తే 500 జీబీ పీఎస్4లో వాడుకోవడానికి సుమారు 408 జీబీ, మొదటి తరం పీఎస్5లో సుమారు 667 జీబీ మొత్తంగా చూపాలి. ఒక టెరాబైట్ అని చెప్పి అమ్మేది 408 చూపిస్తే లోపల ఉన్నది 500 జీబీ హార్డ్ డిస్కే.

4. మీ ఎదుటే లోపలి మెమరీ పూర్తిగా తుడిపించండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మా వాడు చేయనిదీ ఇదే.

పీఎస్4లో సెట్టింగ్స్, ఇనిషియలైజేషన్, ఇనిషియలైజ్ పీఎస్4. క్విక్ అన్నది చాలు, ఫుల్ పెడితే గంటలు పడుతుంది. పీఎస్5లో సెట్టింగ్స్, సిస్టమ్, సిస్టమ్ సాఫ్ట్‌వేర్, రీసెట్ ఆప్షన్స్‌లోకి పోవాలి. మధ్యలో కరెంటు పోతే సాఫ్ట్‌వేర్ చెడవచ్చు కాబట్టి యూపీఎస్ ఉన్న ప్లగ్గులోనే పెట్టమనండి.

"గేములన్నీ పోతాయప్పా!" అంటారు. పోనీయండి. అవి మీవి కావు. జరిగేది ఏమిటంటే, షాపువాళ్లు ఒక అకౌంటులో గేములు కొని మీ కన్సోల్‌ను ఆ అకౌంటుకు ప్రైమరీగా పెడతారు. ప్రైమరీ అయినన్నాళ్లు ఆ గేములు మీ దగ్గర ఎవరైనా ఆడవచ్చు. అదే అకౌంటును రేపు ఇంకో గిరాకీకి ప్రైమరీ చేస్తారు. పీఎస్4 అకౌంట్లను వెబ్‌సైట్ నుంచి ఆరు నెలలకోసారి అన్ని పరికరాల మీదా ఒకేసారి రద్దు చేసుకునే వీలు కూడా ఉంది. మీ పెట్టె నెట్‌కు కలిసిన క్షణం ఆ సంగతి దానికి తెలుస్తుంది, తాళం పడుతుంది. అకౌంట్లు అమ్మడం సోనీ నిబంధనలకే విరుద్ధం, కాబట్టి కంపెనీకి ఫిర్యాదు చేసినా మీ గేములు తిరిగి రావు.

అందుకే "ఇరవై గేములతో 18,000" అంటే, "గేములు లేకుండా ఉత్త కన్సోల్ ఎంత?" అని అడగండి. ఆ రేటే అసలు రేటు. గేములు కావాలంటే ఆ తేడాకు డిస్కులు తీసుకోండి. డిస్కు మీ చేతిలో ఉన్నంతవరకు ఎవరూ తాళం వేయలేరు.

తుడవడానికి అస్సలు ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

తుడిచాక భాష ఎంచుకోమని అడిగే మొదటి తెర రావాలి. అప్పుడు మీ హాట్‌స్పాట్ కలిపి, అప్‌డేట్ అడిగితే చేయనిచ్చి, మీ సొంత అకౌంటుతో లాగిన్ అవ్వండి. స్టోర్ తెరుచుకుని ఏదైనా ఉచిత గేము డౌన్‌లోడ్ మొదలైతే కన్సోల్ మీద బహిష్కరణ లేదు. మొదలైందని తెలిశాక ఆపేయండి, డేటా మిగుల్తుంది. వచ్చే ముందు లాగౌట్ కూడా చేయండి. బేరం కుదరకపోతే మీ అకౌంటు వాళ్ల పెట్టెలో ఉండిపోకూడదు.

5. డ్రైవ్, కంట్రోలర్, వేడి

మీరు తెచ్చిన డిస్కు పెట్టి తీయండి. మూడుసార్లు. లాగేటప్పుడు గరగరమన్నా, తనంతట తనే బయటకు నెట్టేసినా డ్రైవ్‌లో లోపం ఉంది. 2023 తర్వాత వచ్చిన సన్నని పీఎస్5లో డ్రైవ్ విడిగా ఊడి వస్తుంది. దాన్ని నెట్ ద్వారా ఆ కన్సోల్‌తో జతచేయాలి. జత కుదిరి డిస్కు నడవడం కళ్లారా చూడండి.

చేతిలో పట్టుకుని ఆడే కంట్రోలర్‌ను పరీక్షించడం ఎక్కువమంది ఒదిలేస్తారు. గేము మొదలుపెట్టి, కంట్రోలర్‌ను బల్ల మీద పెట్టి చేతులు తీసేయండి. మనిషి తనంతట తనే నడిచినా, చూపు మెల్లగా ఒకవైపు తిరిగినా స్టిక్కు అరిగిపోయింది. దాన్నే డ్రిఫ్ట్ అంటారు. తర్వాత ప్రతి బటన్ నొక్కండి, స్టిక్కులను లోపలికి కూడా నొక్కండి, టచ్‌ప్యాడ్ మీద వేలు జరపండి, ఇయర్‌ఫోన్లు గుచ్చి శబ్దం వినండి. డూప్లికేట్ కంట్రోలర్లలో తరచూ ఈ టచ్‌ప్యాడో, ఇయర్‌ఫోన్ రంధ్రమో పనిచేయదు. పీఎస్5 ఒరిజినల్ కంట్రోలర్ అడుగుభాగం టార్చి వెలుగులో దగ్గరగా చూడండి. గరుకుగా అనిపించేదంతా ఇసుక రేణువులంత చిన్న త్రిభుజాలు, చతురస్రాలు, వృత్తాలు, ఇంటూ గుర్తులు. నకిలీలో అక్కడ చుక్కలో, నున్నటి ప్లాస్టిక్కో ఉంటుంది.

గేమును అరగంట ఆపకుండా నడపనివ్వండి. ఏసీ గదిలో కాదు, మామూలు ఫ్యాను కింద. ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్లలో వేడి ఎంతో మీకు చెప్పక్కర్లేదు. అరగంటలో ఆగిపోయినా, వేడెక్కిందని తెర మీద హెచ్చరిక వచ్చినా తీసుకోవద్దు. ఫ్యాను శబ్దం మాత్రమే ఎక్కువైతే శుభ్రం చేయించి ఇమ్మని అడగండి, లేదా ఆ ఖర్చు రేటులో తగ్గించుకోండి.

6. పాత డిస్కులు కొనేటప్పుడు

డిస్కును అంచులతో పట్టుకుని, టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేయండి. మధ్య నుంచి అంచుకు అడ్డంగా పోయిన సన్నని గీతలు చాలావరకు ఏమీ చేయవు. ట్రాక్ వెంట గుండ్రంగా తిరిగిన గీత ప్రమాదం. మధ్య రంధ్రం చుట్టూ వెంట్రుకలాంటి పగులుందేమో చూడండి. ఉంటే ఆ డిస్కు ఎక్కువ రోజులు బతకదు.

"పాలిష్ చేసిస్తాం, కొత్తదానిలా ఉంటుంది" అనే మాట నమ్మకండి. పీఎస్3 నుంచి ఇటువైపువన్నీ బ్లూరే డిస్కులు. డీవీడీలో సమాచారం ఉపరితలానికి 0.6 మిల్లీమీటర్ల లోతున ఉంటే, బ్లూరేలో 0.1 మిల్లీమీటరే. గీకడానికి అక్కడ చోటే లేదు. టూత్‌పేస్టు చిట్కా కూడా ఇందుకే పనికిరాదు. మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవడం చాలు.

డిస్కు మీద, దాని ప్లాస్టిక్ పెట్టె వెన్ను మీద ఉండే నంబరు ఒకటేనా చూడండి. పీఎస్4 అయితే సీయూఎస్ఏ అనే అక్షరాలు, తర్వాత ఐదు అంకెలు. వేరే దేశం డిస్కును ఇక్కడి పెట్టెలో పెట్టి అమ్మితే ఆట ఆడుతుంది కానీ, మీరు తర్వాత డబ్బు పెట్టి కొనే అదనపు భాగాలు దానికి కలవవు.

రెండు డిస్కుల గేములు గుర్తుపెట్టుకోండి. పీఎస్4 రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో డేటా డిస్కు, ప్లే డిస్కు అని రెండుంటాయి. మొదటిది లేకుండా ఇన్‌స్టాల్ కాదు. ఒక్కటే పెట్టి సగం రేటుకు ఇస్తామంటే చవక కాదది, వట్టి ప్లాస్టిక్ బిళ్ల. పెట్టె తెరిస్తే డిస్కు లేకుండా కాగితం మీద కోడు మాత్రమే ఉండేవి కూడా ఉన్నాయి. ఆ కోడు ఒక్కసారే పనిచేస్తుంది, పాతదైతే ఎవరో వాడేసే ఉంటారు.

కొత్తదని చెప్పి ప్లాస్టిక్ కవరు చుట్టి ఇచ్చినా షాపులోనే విప్పండి. కవరు చుట్టే మిషన్ అంత అరుదేమీ కాదు. లోపల డిస్కు మీద వేలిముద్రో గీతో కనబడితే అది పాతదే, పాతరేటే కట్టాలి.

అసలు పరీక్ష మాత్రం ఇన్‌స్టాల్ పూర్తవడమే. పీఎస్4 సగం కాపీ కాగానే ఆట మొదలుపెట్టేస్తుంది. చాలామంది అది చూసి "పనిచేస్తాంది" అనుకుని డబ్బిచ్చేస్తారు. గీత ఉన్నచోటికి వచ్చేసరికి ఇంట్లో ఆగిపోతుంది. పెద్ద గేముకు అరగంట పైనే పట్టినా, కాపీ చివరిదాకా అయిందో లేదో నోటిఫికేషన్లలో చూసుకోండి. నాలుగైదు డిస్కులు కొంటున్నారా? అన్నీ అక్కడ కుదరదు. ఖరీదైనది ఒకటి అక్కడ చూసి, మిగతావాటికి మూడు రోజుల్లో మార్చి ఇస్తామని బిల్లు మీద రాయించుకోండి.

7. బిల్లు

నోటితో చెప్పినవన్నీ కాగితం మీదికి రావాలి. ఈ ఆరూ లేకుండా డబ్బు కట్టొద్దు: షాపు పేరు అడ్రసు, తేదీ, మోడల్ నంబరు, సీరియల్ నంబరు, కట్టిన మొత్తం, ఎన్నిరోజుల వారంటీ. "సెకండ్ హ్యాండ్, పరీక్షించి అమ్మినది" అని కూడా రాయించండి.

"బిల్లంటే జీఎస్టీ 18 శాతం ఎక్కువవుతుంది" అంటారు. పాత వస్తువు కొని అలాగే అమ్మే వ్యాపారి, కొన్నప్పటి పన్ను వెనక్కు తీసుకోకపోతే, కొన్నరేటుకు అమ్మినరేటుకు మధ్య తేడా మీదే జీఎస్టీ కట్టే పద్ధతి చట్టంలోనే ఉంది. మొత్తం రేటు మీద 18 శాతం అనడం మిమ్మల్ని బిల్లు అడగకుండా చేయడానికే. జీఎస్టీ నంబరు లేని చిన్న షాపు కూడా పేరుతో మామూలు బిల్లు రాసివ్వవచ్చు.

డబ్బు ఫోన్‌పే, గూగుల్‌పే లాంటి యూపీఐతో కట్టండి. నోట్‌లో సీరియల్ నంబరు చివరి నాలుగంకెలు రాయండి. బిల్లు పోయినా ఆ రికార్డు మిగులుతుంది.

షాపు కాకుండా మామూలు మనిషి దగ్గర కొంటే బిల్లు రాదు. అప్పుడు పాత బిల్లు ఫోటో, అమ్మినట్టు సీరియల్ నంబరుతో ఒక కాగితం, సంతకం తీసుకోండి. బస్టాండులోనో టవర్‌క్లాక్ దగ్గరో పెట్టె మార్చుకోవద్దు. వాళ్లింట్లో టీవీకి పెట్టి చూపించమనండి.

8. ఇంట్లో మొదటి మూడు రోజులు

రోజుకు రెండు గంటలైనా నడపండి. డిస్కులన్నీ చివరిదాకా ఇన్‌స్టాల్ చేయండి. రెస్ట్ మోడ్‌లో పెట్టి మళ్లీ లేపి చూడండి. ఏ లోపం కనిపించినా అప్పటికప్పుడు ఫోనులో వీడియో తీసి షాపుకు వాట్సాప్‌లో పంపండి. ఫోన్ చేసి మాట్లాడటం కాదు, మెసేజ్ పెట్టాలి. సొంతంగా స్క్రూలు విప్పొద్దు. "నువ్వే చెడగొట్టినావు" అనడానికి అంతకంటే ఏం కావాలి?

9. మోసపోయామని తేలితే

టెన్షన్ పడి షాపులో గొడవకు దిగొద్దు. ముందు రాతపూర్వకంగా అడగండి: ఫలానా తేదీన కొన్నాను, ఫలానా లోపం, మార్చండి లేదా డబ్బివ్వండి, పది రోజుల గడువు.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడ మీద రాసుకున్నంత మాత్రాన వాళ్లు తప్పించుకోలేరు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కు తీసుకుని డబ్బివ్వకపోవడమూ అంతే.

పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. దానికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. అనంతపురం, కర్నూలు, కడప మూడింట్లోనూ ఉంది. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్లలోపు వేయాలి. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో కొన్నా మీరుండే జిల్లాలోనే వేయవచ్చు. ఈ సంగతి తెలియకనే చాలామంది వదిలేసుకుంటున్నారు.

మీ పాతది ఎక్స్చేంజ్‌లో ఇచ్చేటప్పుడు

ఇదీ తరచూ అడుగుతున్నారు కాబట్టి క్లుప్తంగా. నగదుకైతే ఎంత, వేరే గేముకు మారకమైతే ఎంత అని రెండు రేట్లూ అడగండి. డిస్కులన్నీ కుప్పగా బల్ల మీద పెట్టొద్దు. "మొత్తం లాటు రెండు వేలు" అనేస్తారు, అందులో ఒక్కటే పన్నెండు వందలు పలికేది ఉండవచ్చు. ఒక్కొక్కటి తీసి ఒక్కొక్క రేటు రాయించండి.

కన్సోల్ ఇచ్చే ముందు మీ అకౌంటు ప్రైమరీని తీసేసి, పూర్తిగా తుడిచి, సీరియల్ నంబరు ఫోటో ఉంచుకోండి. ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో వాళ్ల చేతనే రాయించుకోండి. రిపేరుకు ఇచ్చేటప్పుడు కూడా ఇదే పద్ధతి. కంట్రోలర్, వైర్లు ఇంట్లోనే పెట్టి ఉత్త పెట్టె మాత్రమే తీసుకుపోండి. స్టోరేజ్ పేజీ ఫోటో తీసుకోండి. తిరిగి తెచ్చుకునేటప్పుడు షాపులోనే ఆన్ చేసి, ఆ అంకె అంతే ఉందో లేదో పోల్చి చూశాకే రిపేరు డబ్బు ఇవ్వండి.